కొండమీది గోడపొయ్యి

గల్ఫ్‌ల పనిచేసొచ్చిన మా ఈడోళ్లు నలుగురు ఒక్కదగ్గర కూసుంటే కట్టిన బిల్డింగుల ముచ్చట మొదలైతది. ఒకడు హోటల్ కట్టిన అంటడు. ఇంకొకడు మస్కట్‌ల పెద్ద ఆఫీసుకు ఫ్లోరింగ్ ఏసిన అంటడు. ఒకాయనైతే పోర్టు మొత్తం తనొక్కడే కట్టినట్టు చెప్తడు. నా వంతు వచ్చినప్పుడు, నేను ఒక పొయ్యి కట్టిన అంట. అందరు నవ్వుతరు. నవ్వనియ్యిండ్రి. నేను స్కూళ్లు కట్టలేదా, విల్లాలు కట్టలేదా? కట్టిన. కాని అవి నేను కట్టకున్నా ఇంకొకడు కట్టేటోడు. పొయ్యి సంగతి వేరే.

ఇప్పుడు పోయే పిల్లలు నన్ను, "కాకా, ఆ ఎండల ఎట్ల పనిచేసిండ్రే" అని అడుగుతుంటరు. చలిల ఎట్ల పనిచేసిండ్రు అని మాత్రం ఒక్కడు అడగడు. ఒమాన్‌ల చలి ఏందని మీరు కూడ నవ్వుతరు. రుస్తాఖ్ ఎనుక కొండల్లకు డిసెంబర్ నెలల పోయి, పొద్దూకినంక నీళ్లతోని కాళ్లు కడుక్కొని రాండ్రి, అప్పుడు మాట్లాడుదాం.

ఎనభైల ఆఖరు మాట ఇది. నేను రుస్తాఖ్‌ల ఒక చిన్న కన్‌స్ట్రక్షన్ కంపెనీల ఉండేటోన్ని. మేస్త్రిగ పోయిన, జర హిందీ వచ్చు, డ్రాయింగ్ చూస్తే అర్థమైతదని ఫోర్మన్‌ను చేసిండ్రు. ఫోర్మన్ అంటే పెద్ద పోస్టు అనుకునేరు. జీతం జరంత పెరిగింది, తిట్లు మస్తు పెరిగినయి.

నాతోని మా మామ ఉండె. సొంత మామ కాదు, పక్కూరాయన, పిలుపు వరస. రాతిపని, ఇటుకపని రెండూ ఆయనకు చేతిల పనే. నోరే ఆయన చేతిల ఉండకపోయేది. మా మీద ఇంజినీర్ సార్. ఆయనది కోస్తా దిక్కు. మస్కట్‌ల దార్సైట్ కాడ భార్యాపిల్లలతోని ఫ్లాట్‌ల ఉండుకుంట, వారంల రెండుసార్లు మా సైట్‌కొచ్చి పోయేటోడు. నిమ్మళమైన మనిషి. కోపమొస్తే కళ్లద్దాలు తుడుచుకునేటోడు, అంతే.

ఆ ఏడు మాకు కొండల ఒక ఇల్లు తగిలింది. వాదీ పట్టుకొని పోవాలె. వాదీ అంటే ఎండిన వాగు, వానొస్తే మాత్రం మనుషులను మింగే వాగు. ఆ రాళ్లల్ల పికప్ బండి ఎగురుకుంట పోతే చివరాఖరికి కొండకు అతుక్కున్నట్టు ఒక ఊరు. దానిమ్మ చెట్లు, ఎల్లిపాయ మళ్లు, నడుమ సన్నగ పారే కాలువ. పొద్దు ఇంకా ఉండంగనే కొండ అడ్డమొచ్చి ఊరంత నీడైపోతది. ఆ నీడతోపాటు మీదికెల్లి గాలి దిగుతది. ఆ గాలిని గుర్తుపెట్టుకోండ్రి, మమ్ముల ముప్పుతిప్పలు పెట్టింది అదే.

ఇల్లు కట్టిపిచ్చుకునే ఆయన ఒమానీ. మస్కట్‌ల మంచి నౌకరి. మేం అర్బాబ్ అనేటోళ్లం, అంటే యజమాని. చిన్నప్పుడు ఇంగ్లాండుల సదువుకున్నడట. అక్కడ కిరాయికున్న ఇంట్ల గోడల పొయ్యి ఉంటుండెనట, దాని ముంగట కూసొని ఈ ఊరును యాది చేసుకునేటోన్ని అని చెప్పిండు. అందుకే డ్రాయింగ్‌ల పెద్ద రూమ్ గోడకు ఒక డబ్బా గీసి ఉన్నది. సార్ ఆ డబ్బా మీద ఏలు పెట్టి నన్ను అడిగిండు.

"దీన్నెక్కడైనా చూశావటయ్యా?"

"సిన్మాల్ల చూసిన సార్. దాని ముంగట విలన్ కూసుంటడు."

"నేనూ అంతే. నేను చూసినవాటిలో హీరోయిన్ తండ్రి కూర్చుంటాడు" అని కళ్లద్దాలు తుడుచుకున్నడు.

అట్ల, పొయ్యి ఎరుగని ఇంజినీరు, పొయ్యి ఎరుగని ఫోర్మను, మూడు రాళ్ల పొయ్యి తప్ప తెల్వని మేస్త్రి కలిసి పని మొదలుపెట్టినం.

అసలు పంచాయితీ పొయ్యి కట్టుడు కాదు. అండ్ల ఏం మండాలె అన్నదే పంచాయితీ. అర్బాబ్ గ్యాస్ అంటడు. వాళ్ల అమ్మ కట్టెలు అంటది.

ఆమెను మేం అవ్వ అనేటోళ్లం. మా దిక్కు అమ్మనైనా, ముసలమ్మనైనా అవ్వ అనే అంటం. ఆమెకు ఆ పిలుపు నచ్చి, అవ్వా అంటే పలికేది. కొత్తిల్లు పక్కనే ఆమె పాతిల్లు. ఇంటి నడుమ గుంత, గుంతల మంట, పొగ పోవడానికి తలుపు ఒక్కటే తొవ్వ. పైకప్పు దూలాలు కాటుక పట్టి మెరుస్తుండేవి. అవ్వకు దగ్గు. దగ్గు మొదలైతే చేతిల పని పక్కకు పెట్టి గోడకు ఒరిగేది. కిందటి చలికాలం రుస్తాఖ్ దవాఖానల పండబెట్టిండ్రట. పొగల ఇంకో చలికాలం ఉంటే నాకు పూచీ లేదని డాక్టర్ చెప్పిండట. ఈ ముచ్చట అర్బాబ్ నాకు హిందీల చెప్పుకుంట గొంతు తగ్గిచ్చిండు, తల్లి ఇనకూడదని. ఆమెకు హిందీ రానే రాదు.

"గ్యాస్ పెడ్త. లేకుంటే మస్కట్ తీస్కపోత. మూడో మాట లేదు, ఫోర్మన్" అన్నడు.

నిజం చెప్పాల్నంటే నేను గ్యాస్ పార్టీనే. అప్పటికి మా ఇంట్ల గ్యాస్ లేదు. కనెక్షన్ కోసం పేరు రాపిచ్చి ఎదురుచూస్తున్నం. వానకాలం తడికట్టెలను ఊదుకుంట నా భార్య కళ్లు ఎర్రగైతుండె, గొట్టం పక్కకు పెట్టి కొంగుతోని తుడుచుకునేది. అసొంటిది, ఇంటికొచ్చిన గ్యాస్‌ను ఒద్దనే మనిషి ఉంటదా అని నాకు ఇచ్చంత్రం.

మామ కట్టెల పార్టీ. మా పికప్ డ్రైవర్, పెషావర్ దిక్కు పఠాన్, ఆయన కూడ కట్టెల పార్టే. ఆయన లెక్క ఆయనకుండె. "సిలిండర్ ఎప్పుడు అయిపోతది భాయ్? వాదీ పారిననాడే అయిపోతది. అప్పుడు సిలిండర్ నెత్తిన పెట్టుకొని ఎవడు ఈదాలె, నేనా?" అనేటోడు. పొద్దున చాయ్ కాడ రోజూ ఇదే లొల్లి.

ఒకనాడు మా ముంగటనే తల్లీకొడుకులు గట్టిగ అనుకున్నరు. నాకు అరబ్బీ అప్పటికి అంతంతే, సగం అర్థమైంది. గ్యాస్ మంట కాడికి ఎవరొస్తరు, వచ్చినా చేతుల ఏం పట్టుకొని వస్తరు అన్నట్టు అన్నది అవ్వ. ఏం పట్టుకొచ్చుడేందో నాకు సమజ్ కాలేదు. ముసలితనం మాట అనుకున్న.

రెండు మూడు రోజులకు అవ్వ మమ్ముల కహ్వాకు పిలిచింది. వాళ్ల కాఫీ అది, చేదుగ ఉంటది, ఖర్జూరం కొరుక్కుంట తాగాలె. పొద్దూకుతున్నది. మేం గుంత చుట్టు కూసున్నం. ఒక ముసలాయన వచ్చిండు. సలాం చెప్పి, సంకల పెట్టుకొచ్చిన కట్టె ఒకటి తలుపు పక్కన పెట్టి కూసున్నడు. ఎనుక ఇద్దరు ఆడోళ్లొచ్చిండ్రు, వాళ్ల చేతుల కూడ చెరొక కట్టె. ఇంకొకాయనది సన్న పుల్ల, నవ్వుకుంట దాన్నే పెట్టిండు. మంట తగ్గినప్పుడల్లా అవ్వ వాటిల ఒకటి తీసి ఏస్తున్నది. ఎవరి కట్టె మండుతుంటే వాళ్లను ఏదో అంటున్నది, వాళ్లు సిగ్గుపడుతున్నరు.

మామ నా మోచేతిని పొడిచిండు. "సూసినవా అల్లుడా? ఆమె అడిగేది మంట కాదు. గ్యాస్ పెడితే ఈళ్లు ఏం పట్టుకొస్తరు? ఉత్తచేతుల రాలేక ఇంట్లనే ఉంటరు. ఆమె ఒక్కతే కూసుంటది."

కొడుకు మస్కట్‌ల. వారానికోసారి వస్తడు. మిగిలిన దినాలు ఆమెకు ఆ కట్టెలు తెచ్చేటోళ్లే ఇల్లు. ఆ పొద్దు నేను, పని అయ్యేదాంక ఊళ్లెనే తీసుకున్న మా రూమ్‌కు నడిచిపోయేటప్పుడు నా పార్టీ జర ఊగింది. అట్లని దగ్గు మర్సిపోయేది కాదు. మేం కూసున్నంతసేపట్ల ఆమె ఎన్నిసార్లు గోడకు ఒరిగిందో చూస్తనే ఉన్న. కొడుకుదీ తప్పు కాదు, తల్లిదీ తప్పు కాదు. నడుమ ఇరికింది మేం.

సార్‌కు ఈ సంగతి చెప్తే డ్రాయింగ్ మళ్లీ ఇప్పి చూసిండు. తర్వాత అన్నడు, "చిమ్నీ సరిగ్గా కడితే పొగ గదిలోకి రాదు కదయ్యా. అప్పుడు గ్యాస్ పెట్టుకున్నా, కట్టెలు పెట్టుకున్నా వాళ్లిష్టం. ముందు చిమ్నీ సంగతి చూద్దాం." మస్కట్‌ల ఎవరో తెల్లాయనను అడిగి పొయ్యిల మీద రాసిన ఒక పుస్తకం తెచ్చిండు. పొయ్యి నోరు ఎంతుండాలె, గొంతు ఎంత సన్నగుండాలె, పొగగొట్టం ఇంటి కప్పుకు ఎంత ఎత్తు లేవాలె, అన్నీ అండ్ల ఉన్నయి. ఆయన చదివి చెప్పేటోడు, మామ రాయి చెక్కేటోడు, నేను ఇద్దరి నడుమ తెలుగును తెలుగులకు మార్చేటోన్ని. సార్ "అలా కాదు, ఇలా" అంటే మామకు అర్థం కాకపోయేది. నేను "అట్ల గాదు, ఇట్ల" అంటే సమజయ్యేది.

కట్టినం. ముట్టిచ్చినం. పొద్దుగాల ముట్టిస్తే బ్రహ్మాండంగ మండింది. అర్బాబ్‌ను పిలిచి పొద్దూకేటప్పుడు మళ్లీ ముట్టిచ్చినం. కొండ మీదికెల్లి గాలి దిగిందో లేదో, పొగ అంతా గొట్టంలకెల్లి తిరిగి రూమ్‌లకు వచ్చింది. అందరం కళ్లు మూసుకొని తలుపు దిక్కు ఉరికినం. బయట అవ్వ తన వాకిట్ల నిలబడి కడుపు పట్టుకొని నవ్వుతున్నది. నా ఇంటికి మీ ఇంటికి ఫరక్ ఏమున్నది అన్నది. నవ్వులనే దగ్గు మొదలైంది, ఆగలేదు. అర్బాబ్ నవ్వలేదు.

"ఖలాస్" అన్నడు. "గ్యాస్ తెప్పిస్తున్న. ఇంక ఈ రూమ్‌ల కట్టె ముట్టియ్యద్దు."

ఇంగ్లాండు కెల్లి గ్యాస్ పెట్టె వచ్చింది. ముంగట పింగాణితోని చేసిన కట్టెలు, నిజం కట్టెల తీర్గనే బెరడు, కణుపులు ఉన్నయి. వాటి కింద సన్నసన్న బెజ్జాల బర్నర్. మామ ఆ పింగాణి కట్టెను గోటితోని గీకి చూసి, "మంట నిజం, కట్టె అబద్ధం" అన్నడు.

సార్ మాత్రం చిమ్నీని ఇడిచిపెట్టలేదు. ఆ పెట్టె వచ్చేలోపు గొట్టాన్ని ఇంకా ఎత్తు లేపిచ్చిండు, గొంతు మళ్లీ చెక్కిపిచ్చిండు, పైన నాలుగు రాళ్ల మీద ఒక బండ కప్పిచ్చిండు. "గ్యాస్ పెట్టెకు ఇదంతా ఎందుకు సార్" అంటే, "ఓడిపోయి వదిలెయ్యడం నాకిష్టం లేదయ్యా" అన్నడు. రూమ్‌కు రంగు ఏసి ఉన్నది, కట్టె ముట్టియ్యద్దని ఆర్డరున్నది. అందుకని కొత్త గొట్టం పొగను గుంజుతదో లేదో చూసే మోక దొరకలే.

శుక్రవారం ఊరందరికి భోజనం అన్నడు అర్బాబ్. ఆనాటి నుంచి అవ్వ కొత్తింట్లనే ఉండాలె. బేస్తారం నాడు గ్యాస్ పెట్టె బిగిచ్చి, సిలిండర్ గోడ బయట పెట్టి, ఒకసారి ముట్టిచ్చి చూస్తే మా డ్యూటీ అయిపోయినట్టే. సార్ కూడ వచ్చి ఉన్నడు. నేను లైటర్ పట్టుకొని వంగిన. మామ నా చెయ్యి పట్టుకున్నడు.

"పాలు పొంగియ్యకుంటనే ముట్టిస్తవా?"

"మామా, ఇది మన ఇల్లు కాదు. వాళ్లు ముసల్మాన్లు."

"మేకకు తెల్సా, పాలు ఎవరి ఇంటికని? కట్టింది మనం. మన చేతులతోని కట్టిన ఇంట్ల పాలు పొంగకుంట పొయ్యి అంటుకుంటదా? నాకైతే మనసొప్పది."

నేను సార్ దిక్కు చూసిన, ఆయన ఒద్దంటడని. ఆయన ఆలోచించి, "మా వైపైతే ఆడపడుచు పొంగించాలి" అన్నడు. అయిపోయింది. సదువుకున్నోడు, సదువు లేనోడు ఒక్కటైతే నడుమ ఫోర్మన్ మాట ఎవడింటడు?

ఆ ఇంటి ఆడమనిషి అంటే అవ్వనే. పోయి పాలు అడిగినం. ఎందుకంటే వచ్చిన అరబ్బీ, రాని అరబ్బీ కలిపి చెప్పిన. కొత్త పొయ్యి మీద పాలు కాగాలె, పొంగాలె, ఒలకాలె, అప్పుడు ఇల్లు నిండుగుంటది. ఆమె కనుబొమలు ఎగరేసింది. మా దగ్గర పాలు ఒలకబోస్తే తిడతరు అన్నది. తర్వాత కొద్దిసేపు ఆగి, "బరకా?" అని అడిగింది. ఔ, బరకానే అన్న, మనం బర్కతు అంటమే, అదే. ఆ మాట ఒక్కటే ఇద్దరికి సమానంగ తెల్సు. అప్పటికప్పుడు మేకను పిండి గిన్నె పట్టుకొని ఆమెనే వచ్చింది.

పింగాణి కట్టెలకు ఇటుపక్క ఒక ఇటుక, అటుపక్క ఒక ఇటుక పెట్టి గిన్నె పెట్టినం. పాలు తూర్పు దిక్కు పొంగాల్నని మామ గిన్నె కింద పడమటి దిక్కున చిన్న రాయి ఒకటి జొప్పిండు. అవ్వ ఆ రాయిని, మామను చూసి, ఎందుకని సైగ చేసింది. మామ చెయ్యి చాపి పొద్దు పొడిచే దిక్కు చూపిచ్చిండు. ఆమె తలూపింది.

అది చూడనీకె పెట్టే మంట, వండనీకె కాదు. పాలు కాగనే కాగవు. గిన్నె మాత్రం నల్లగైంది. మేం నలుగురం వంగి చూసుకుంటనే ఉన్నం. చివరికి అంచులకు నురగొచ్చింది, మీగడ లేచింది. పొంగింది. తూర్పుకే పొంగింది. మామ రెండు చేతులెత్తి మొక్కిండు. సార్ పిల్లగాని తీర్గ నవ్వుతున్నడు. నేను గ్యాస్ తగ్గిద్దామని పోతే అవ్వ చేత్తోనే ఆపింది. ఇంకా, ఇంకా అన్నట్టు వేళ్లు ఊపింది. సరే, ఇంటామె ముచ్చట కదా అని ఊకున్న.

పాలు పింగాణి కట్టెల మీదికెల్లి జారి, బర్నర్ బెజ్జాలల్లకు పోయినయి. మంట ఒకపక్క ఆరింది. రెండో పక్క పసుపుపచ్చగైంది, టపటప కొట్టుకున్నది, ఆరింది. మాడిన పాల వాసన రూమ్ అంతా కమ్ముకున్నది. మళ్లీ లైటర్ కొట్టినం, అంటుకోలేదు. సార్ మోకాళ్ల మీద కూసొని పుల్ల పెట్టి బెజ్జాలు పొడిచిండు, ఊదిండు. మూతి మీద మేకపాల మసి. ఇప్పి, కడిగి, ఆరబెట్టి పెట్టినా దాని లోపల ఏదో చిన్న సామాను పాడైంది, అది ఒమాన్‌ల దొరికేది కాదు.

అర్బాబ్ వచ్చేసరికి మేం ముగ్గురం తలలు వంచుకొని నిలబడి ఉన్నం, ఇప్పిన గ్యాస్ పెట్టె చాప మీద ఉన్నది. నేనే చెప్పిన, ఉన్నది ఉన్నట్టు. ఆయన పాలగిన్నెను చూసిండు. కొండ దద్దరిల్లేటట్టు తిడతడనుకున్న. వంగి పింగాణి కట్టె ఒకటి చేతులకు తీసుకున్నడు.

అప్పుడు అవ్వ అన్నది, "పాలు నాయి. పొంగిచ్చింది నేను. ఈళ్లను ఏమనకు." అని, చీర కొంగు తీర్గ తలమీది గుడ్డను మూతికి అడ్డం పెట్టుకున్నది. కింద నవ్వు ఉన్నదని కండ్లు చెప్తున్నయి.

అర్బాబ్ సార్‌ను అడిగిండు, రేపు ఊరంతా వస్తది, ఇప్పుడేం చేద్దామని. సార్ అన్నడు, "చిమ్నీ మార్చాను. ఈసారి లాగుతుందనే నమ్మకం. కానీ చూడలేదు. చూడాలంటే ఇప్పుడే, ఆ గాలి దిగేటప్పుడే వెలిగించి చూడాలి."

"పొగ వస్తే?"

సార్ కళ్లద్దాలు తుడుచుకున్నడు.

"పొగ వస్తే రేపు భోజనం అయినంక అమ్మను మస్కట్ తీస్కపోత" అన్నడు అర్బాబ్. ఈసారి హిందీల కాదు, అరబ్బీలనే అన్నడు, ఆమె ముంగటనే. "ఈ పొయ్యికి గోడ పెట్టి మూసెయ్యిండ్రి."

అవ్వ కండ్లల్ల నవ్వు పోయింది. పాతింటికి పోయి, తలుపు పక్కనున్న కట్టెలల్ల మంచియి ఏరుకొని, తనే మోసుకొచ్చి పొయ్యిల పేర్చింది. సమర్ కట్టె అంటరు వాళ్లు, మన తుమ్మ అసొంటిదే, గట్టిగ మండుతది.

కొండ నీడ వాకిట్లకు వచ్చింది. గాలి మొదలైంది. నేను ముట్టిచ్చిన. పుల్లలు అంటుకున్నయి, పొగ లేచింది, గొంతు దాకా పోయింది, అక్కడ ఆగింది. ఆగి, ముందుకు వంగి రూమ్‌లకు వచ్చుడు షురూ చేసింది. అవ్వ గుడ్డ మూతికి అదుముకున్నది. దగ్గొచ్చింది. అర్బాబ్ లేచి నిలబడ్డడు.

"సార్, బుక్కుల ఏమన్నరు, జర యాది తెచ్చుకో సార్" అని మామ బతిమిలాడుతున్నడు.

సార్ నెత్తి మీద చెయ్యి పెట్టుకొని ఉన్నోడల్లా ఒక్కసారి నా భుజం పట్టుకున్నడు. "గొట్టం చల్లగా ఉంది. ముందు దాన్ని వేడి చెయ్యాలయ్యా, గొంతులో మంట పెట్టు, గొంతులో."

మూలకున్న ఎండు ఖర్జూరపు మట్ట గుంజి, కొసకు నిప్పంటిచ్చి, పొయ్యి పక్కకెల్లి వంగి, చెయ్యి పొడుగు చేసి గొంతులకు తోసిన. చెయ్యి కాలింది. ఇప్పటికి ఆ మచ్చ ఉన్నది, అడిగినోళ్లకల్లా చూపిస్త. మట్ట భగ్గున మండింది. మీదికెల్లి బుస్సుమని సప్పుడు, ఎవరో పెద్ద ఊపిరి గుంజుకున్నట్టు. రూమ్‌ల వంగిన పొగ ఎనుకకు తిరిగి పొయ్యిలకు పోయింది, పైకి పోయింది.

అయినా ఎవరం కదల్లేదు. గాలి ఇంకా జోరు కావాలె, అప్పుడే అసలు పరీక్ష. అర్బాబ్ బయటికి పోయి ఇంటి కప్పు దిక్కు చూసుకుంట నిలబడ్డడు. గాలి దిగింది. కిటికీ తలుపులు కొట్టుకున్నయి. మంట ఒకసారి పండుకున్నది, లేచింది. పొగ రాలేదు. మళ్లీ గాలి, మళ్లీ మంట పండుకున్నది, లేచింది. పొగ రాలేదు. అవ్వ మెల్లగ మూతి మీది గుడ్డ తీసింది. ఊపిరి పీల్చి చూసుకున్నది. ఇంకొకటి పీల్చింది. దగ్గు రాలే.

అర్బాబ్ లోపలికొచ్చిండు. పోయి తల్లి పక్కన బాసిపట్లు ఏసుకొని కూసున్నడు. ఆమె ఒక కట్టె తీసి ఆయన చేతుల పెట్టి, ఏడ పెట్టాల్నో ఏలుతోని చూపిచ్చింది. ఇంగ్లాండు సదువుకున్న మనిషి, మస్కట్‌ల ఆఫీసర్, చిన్నపిల్లగాని తీర్గ ఆమె చూపిచ్చిన కాడనే పెట్టిండు. నాకు ఏడుపొచ్చింది. పొగకు కండ్లు మండుతున్నయని చెప్పుకుందామంటే రూమ్‌ల పొగ లేకపాయె.

శుక్రవారం నాడు భోజనానికి వచ్చినోళ్లందరు అవ్వ ఇంట్ల గ్యాస్ పెట్టిండ్రని అనుకొని ఉత్తచేతులతోని రావాల్సింది. కాని ఊళ్లె ముచ్చట ఆగుతదా? పాలు పొంగిన సంగతి వంట కాకముందే అందరికి తెల్సిపోయింది. ఒక్కొక్కరు సంకల కట్టె పెట్టుకొనే వచ్చిండ్రు. కొత్త రంగు ఏసిన గోడకు కట్టెల మోపు పెరిగింది. నేను రంగు ఖరాబైతదని బాధపడుతుంటే మామ నన్ను తిట్టిండు. ఆనాటి బిర్యానీ, మేకమాంసం సంగతి చెప్పను, నోరూరి మీరు నా మాట ఇనరు. మామకు మాత్రం ముసలోళ్లందరు తమ పక్కన కూసోబెట్టుకొని ఖర్జూరాలు తినిపిచ్చిండ్రు. ఆయనకు ఒక్క అరబ్బీ ముక్క రాదు, అయినా అందరికంటే ఎక్కువ మాట్లాడిండు.

తర్వాత మేం తలొక దిక్కు పోయినం. మామ ఇంటికొచ్చేసిండు. సార్ వేరే కంపెనీకి మారిండు. నేను రైసూత్‌ల పోర్టు దగ్గర గోదాముల పనికి పోయిన, అక్కడ చానేండ్లు చేసిన. సలాలా దిక్కు అది, ఒమాన్‌కు ఆ చివర. మా ఇంట్ల గ్యాస్ కూడ వచ్చింది. నా భార్య మొదటిరోజే మళ్లీ కట్టెల ముఖం చూడ అన్నది, ఇప్పటికి చూడలే. అందుకే గ్యాస్ మంచిదా, కట్టె మంచిదా అని ఎవరన్నా అడిగితే నేను సూటిగ చెప్పలేను. ఆ పొయ్యి కాడ ఎవరు కూసుంటరో చూడాలె, ఎవరు ఊదాలెనో కూడ చూడాలె.

తొంభైల ఆఖర్ల, ఇంక ఇంటికొచ్చేద్దామని కాగితాలు కాన్సిల్ చేపిచ్చుకున్నంక, ఒకసారి ఆ ఊరు చూసి పోదామనిపిచ్చింది. చలికాలమే. రుస్తాఖ్‌ల దోస్తు బండి తీసిండు. వాదీల పోతుంటే బండి ఆపమని ఒక ఎండు కట్టె ఏరుకున్న. దోస్తు ఏందిరా ఇది అన్నడు. ఊకో అన్న.

అర్బాబ్‌కు గడ్డం నెరిసింది. నౌకరి ఇడిచి ఊళ్లెనే ఉంటున్నడు. నన్ను గుర్తుపట్టి అలాయ్‌బలాయ్ తీసుకున్నడు, చేతిల కట్టెను చూసి నవ్విండు. అవ్వ ఆ ఇంట్ల ఎన్నో చలికాలాలు కూసున్నదట. రెండేండ్ల కింద పోయిందట, పొగతోని కాదు దగ్గుతోని కాదు, నిద్రల. ఇనంగనే మనసు కలుక్కుమన్నది, అయినా తృప్తిగ కూడ అనిపిచ్చింది. వాకిట్ల ఆ ఇంగ్లాండు గ్యాస్ పెట్టె ఉన్నది. అండ్ల కోడి గుడ్లు పెట్టి పొదుగుతున్నది.

ఆనాడే ఆ ఏటికి మొదటిసారి పొయ్యి ముట్టిస్తున్నరట. నా కట్టెను తలుపు పక్కన పెట్టి కూసున్న. అర్బాబ్ బిడ్డ, ఎనిమిదేండ్ల పిల్ల, మేం పోయినంక పుట్టింది, ఖర్జూరాల పళ్లెం నా ముంగట పెట్టింది. తర్వాత చిన్న గిన్నెల మేకపాలు తెచ్చి పొయ్యిల ఇటుకల మీద పెట్టింది. పాలు ఎందుకు బిడ్డా అని అరబ్బీల అడిగిన.

ఏం తెల్వని ముసలాయన అనుకున్నట్టుంది, ఓపికగ చెప్పింది. "చలికాలం మొదటి మంట మీద పాలు కాగబెట్టాలె. పొంగి ఒలకాలె. ఒలికితే బరకా. మా తాతల తాతల నుంచి మా ఇంట్ల ఇట్లనే చేస్తరు. మా అవ్వ నేర్పింది."

నేను అర్బాబ్ దిక్కు చూసిన. ఆయన మంట దిక్కు చూసుకుంట గడ్డంల నవ్వుకుంటున్నడు.

"ఔనా బిడ్డా, నాకు తెల్వదు. ఎట్ల చేస్తరో చూపియ్యి" అన్న.

ఆ పిల్ల గూట్లకెల్లి చిన్న రాయి ఒకటి తీసి, గిన్నె కింద పడమటి దిక్కున జొప్పింది.